రోబో కాళ్లు: అడుగు యంత్రానిదా, మనిషిదా?

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు ఎవరికైనా స్ట్రోక్ వచ్చి ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోతే, ప్రాణగండం గడిచిన నాలుగు రోజులకే ఇంట్లో ఎవరో ఒకరు "చెన్నై తీసుకెళ్దాం, అక్కడ రోబోతో నడిపిస్తున్నారంట" అంటారు. వెంటనే వాట్సాప్‌లో వీడియో కూడా వస్తుంది. ఏళ్ల తరబడి వీల్‌చైర్‌లో ఉన్న మనిషి, కాళ్లకు చట్రం తొడుక్కుని, లేచి నిలబడి అడుగులు వేస్తుంటాడు. చూసినవాళ్ల కళ్లు చెమరుస్తాయి. ఆ వీడియో అబద్ధం కాదు. కాకపోతే అందులో మనిషి సమస్య వేరు, మన నాన్నగారి సమస్య వేరు అయివుండొచ్చు. ఆ యంత్రం చేసే పని ఒకటి, మనకు కావలసిన పని ఇంకొకటి అయివుండొచ్చు. ఈ తేడా తెలియక లక్షలు పోసినవాళ్లు ఉన్నారు. పనికొచ్చే చికిత్సను "అదంతా షో" అని వదిలేసుకున్నవాళ్లూ ఉన్నారు. చెన్నైలో పునరావాస పరికరాల పనిలో ఉన్నాను కాబట్టి మనవైపు వాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదిది.

ఎక్సోస్కెలిటన్ అంటే ఒంటికి బయటి నుంచి తొడుక్కునే చట్రం. మన తుంటి, మోకాలు, చీలమండ ఎక్కడుంటాయో దానికీ అక్కడే కీళ్లుంటాయి. ఆ కీళ్ల దగ్గర మోటార్లు, వీపు మీదో నడుము దగ్గరో బ్యాటరీ, కంప్యూటర్, కాళ్లకు పట్టీలు. చూడ్డానికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. చేసే పనులు మాత్రం మూడు. వెన్నుపాము తెగిపోయి కాళ్లు బొత్తిగా ఆడని మనిషికి, ఆ కాళ్ల బదులు తానే నడవడం ఒకటి. స్ట్రోక్ వంటివి వచ్చి నడక మరిచిపోయిన మనిషికి మళ్లీ నడక నేర్పడం రెండోది. ఆరోగ్యంగా ఉన్న కార్మికుడికో సైనికుడికో శ్రమ తగ్గించడం మూడోది.

మొదటి పనిలో యంత్రం ఎంత ఎక్కువ చేస్తే అంత మేలు. రెండో పనిలో ఎంత తక్కువ చేస్తే అంత మేలు. ఈ ఒక్క ముక్క మనసులో ఉంచుకుంటే ప్రచారంలో ఏది ఎంతవరకు నిజమో చాలావరకు మీకే తెలిసిపోతుంది.

అడుగు వెనుక ఎంత పనుందో

నడకలో ఒక కాలు దాదాపు అరవై శాతం సమయం నేలమీద, నలభై శాతం గాల్లో ఉంటుంది. గాల్లో ఉండే సమయం అర సెకను కూడా ఉండదు. ఆ కాస్త వ్యవధిలో తుంటి కాలిని ముందుకు తేవాలి, మోకాలు దాదాపు 60 డిగ్రీలు మడుచుకోవాలి, పాదం పైకి లేవాలి. అంతా సవ్యంగా జరిగినా కాలి వేళ్లకూ నేలకూ మధ్య మిగిలే ఎడం ఒకటి రెండు సెంటీమీటర్లే. స్ట్రోక్ వచ్చినవాళ్లు కాలిని పక్కకు తిప్పి, అర్ధచంద్రాకారంగా ఈడ్చి వేస్తారే, అది ఈ ఎడం కోసమే. మోకాలు మడవదు, పాదం కిందికి వేలాడుతుంది, ఇంక కాలు ముందుకు రావడానికి వేరే దారి లేదు.

ముందుకు నెట్టే బలం ఎక్కువగా పిక్కల నుంచి వస్తుంది. వెనక కాలి మడమ లేచే క్షణంలో పిక్క కండరం ఒక్క తోపు తోస్తుంది. ఆ తోపు కాస్త ముందో వెనకో అయితే అడుగు చెడుతుంది. వీటన్నిటినీ మించిన పని, ఒంటి బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చడం. మోకాలు మడిచే మోటారు దొరకడం కష్టం కాదు. పడిపోకుండా బరువు మార్చే తెలివిని యంత్రంలో పెట్టడమే ఇప్పటికీ కష్టం.

ఈ కష్టం అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి 1960ల్లోనే తెలిసొచ్చింది. మనిషి తొడుక్కుని పెద్ద పెద్ద బరువులు ఎత్తేలా 'హార్డిమన్' అనే యంత్రం మొదలుపెట్టారు. దాని బరువే దాదాపు 680 కిలోలు. 1970ల మొదటికి ఒక్క చెయ్యి మాత్రమే సరిగ్గా పనిచేసింది. కాళ్లూ చేతులూ కలిపి నడిపితే అదుపు తప్పి ఊగిపోయేది. అందులోకి మనిషిని ఎక్కించే సాహసం చేయలేదు. అదే కాలంలో యుగొస్లావియాలో, బెల్‌గ్రేడ్‌లోని పుపిన్ ఇన్‌స్టిట్యూట్‌లో మియోమిర్ వుకోబ్రటోవిచ్ బృందం ఇంకో దారిలో వెళ్లింది. బరువులెత్తే సంగతి పక్కనపెట్టి, కాళ్లు పడిపోయినవాళ్ల కోసం గాలి ఒత్తిడితో పనిచేసే చట్రాలు తయారుచేశారు. నడుస్తున్న శరీరం ఎప్పుడు నిలబడుతుంది, ఎప్పుడు తూలుతుంది అన్నదానికి వాళ్లు రాసిన లెక్కలను రెండు కాళ్ల రోబోలు చేసేవాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు.

కాళ్ల బదులు నడిచే యంత్రం

ఇజ్రాయెల్ ఇంజనీర్ అమిత్ గోఫర్ 1997లో ప్రమాదానికి గురయ్యాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. వీల్‌చైర్‌కు ఇంకో దారి ఎందుకుండకూడదు అనుకుని 2001లో కంపెనీ పెట్టి 'రీవాక్' తయారుచేశాడు. ఇంట్లో, బయట సొంతంగా వాడుకోవడానికి 2014లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన మొదటి ఎక్సోస్కెలిటన్ అదే. దాన్ని గోఫర్ మాత్రం తొడుక్కోలేకపోయాడు. రీవాక్‌తో నడవాలంటే రెండు చేతుల్లో ఊతకర్రలు పట్టుకోవాలి. మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు చేతుల్లోనూ పట్టు ఉండదు.

ఇలాంటి యంత్రాల్లో చాలావాటికి ఇదే హద్దు. అడుగు యంత్రం వేస్తుంది, తూలకుండా చూసుకునే పని మనిషి చేతులది, భుజాలది. చేతికి గడియారంలా పెట్టుకున్న రిమోట్‌తో 'లే', 'నడువు', 'కూర్చో' అని చెబుతారు. ఆపైన మనిషి ఛాతీని కాస్త ముందుకు వంచితే ఆ వంపును సెన్సర్ పసిగడుతుంది, అడుగు పడుతుంది. కర్రలు లేకుండా తనంతట తాను నిలబడే రకాలూ వచ్చాయి. ఫ్రాన్స్‌కు చెందిన వాండర్‌క్రాఫ్ట్ చేసిన చట్రం తొడుక్కుని, 2024 పారిస్ ఒలింపిక్స్ జ్యోతిని కెవిన్ పియెట్ అనే పారా టెన్నిస్ ఆటగాడు నడుస్తూ మోశాడు. అది నిజంగా పెద్ద అడుగు. కానీ ఆ యంత్రాల బరువు, వేగం, ధర చూస్తే ఇప్పటికి వాటి చోటు ఆసుపత్రే.

వేగం సంగతి చెప్పాలి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు ఎక్సోస్కెలిటన్‌తో నడిచిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్కగడితే సగటు వేగం సెకనుకు 0.26 మీటర్లు వచ్చింది. మనం మామూలుగా నడిచే వేగం సెకనుకు 1.2 మీటర్ల పైమాటే. చెన్నైలో రోడ్డు దాటడానికి సిగ్నల్ ఇచ్చే సమయం మీకు తెలుసు. మనకు పట్టే సమయానికి నాలుగైదింతలు పడితే ఆ రోడ్డు దాటగలమా? ఎగుడుదిగుడు ఫుట్‌పాత్‌లు, ఇంటి గడపలు, వాన నీళ్లు నిలిచిన వీధులు, నేలమీద కూర్చుని తినే అలవాటు, ఇండియన్ టాయిలెట్ — వీటిలో చాలావరకు ఆ యంత్రాల రూపకర్తల లెక్కలో లేవు. రీవాక్‌ను 160 నుంచి 190 సెంటీమీటర్ల ఎత్తున్నవాళ్ల కోసం చేశారు. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దగ్గరుంటుంది. అంటే డబ్బున్నా సరే, మన ఆడవాళ్లలో అధికభాగానికి అది సరిపోదు. దీని మీద ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ధర సరేసరి. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2024లో ఇలాంటి యంత్రానికి చెల్లించే మొత్తాన్ని 91,032 డాలర్లుగా ఖాయం చేసింది. అప్పటి మారకంలో దాదాపు 75 లక్షల రూపాయలు.

అయితే ఇది పనికిరాదని నేననడం లేదు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు లేచి నిలబడటమే వైద్యంలో భాగం. నిలబడి కదిలితే మలబద్ధకం తగ్గిందనీ, కాళ్లు బిగుసుకుపోవడం తగ్గిందనీ వాడినవాళ్లలో చాలామంది చెబుతారు. ఎదుటివాళ్ల కళ్లలోకి సూటిగా చూసి మాట్లాడటం అనేదాన్ని ఏ పట్టికలో రాయాలో నాకు తెలీదు, దాని విలువ మాత్రం తెలుసు. ప్రమాదాలూ ఉన్నాయి. ఏళ్లుగా బరువు మోయని ఎముకలు పెళుసుబారి ఉంటాయి కాబట్టి, ఎముకల సాంద్రత పరీక్ష చేయకుండా ఎక్సో తొడగకూడదు. స్పర్శ లేని చోట పట్టీ ఒరుసుకుంటే మనిషికి తెలియదు. సాయంత్రానికి పుండు పడుతుంది, అది మానడానికి నెలలు పడుతుంది. పడుకునీ కూర్చునీ అలవాటైన ఒంటికి ఒక్కసారి నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు.

కాళ్లు పూర్తిగా చచ్చుబడిన కుర్రాడి ఇంట్లోవాళ్లు ఇల్లు తాకట్టు పెట్టయినా ఎక్సో కొంటామంటే, ముందు ఐఐటీ మద్రాస్ దాకా వెళ్లి రమ్మంటాను. అక్కడ సుజాతా శ్రీనివాసన్ నేతృత్వంలో నడుస్తున్న టీటీకే పునరావాస పరిశోధన కేంద్రం 2019లో 'అరైజ్' అనే వీల్‌చైర్ తెచ్చింది. కూర్చున్నవాళ్లు తమంతట తామే నిలబడే భంగిమలోకి మారొచ్చు. అక్కడి నుంచే పుట్టిన నియోమోషన్ సంస్థ మనిషి కొలతలకు తగ్గ వీల్‌చైర్ 'నియోఫ్లై'ని, దానికి ముందు తగిలించుకునే మోటారు బండి 'నియోబోల్ట్'ను చేసింది. ఆ జోడీ గంటకు 25 కిలోమీటర్ల వేగంతో రోడ్డు మీద వెళ్తుంది. ఉద్యోగానికి వెళ్లడం, బజారుకు పోయి రావడం కావాలంటే ఈ రోజుకు ఈ ఊళ్లో వాటిని ఇచ్చేది చక్రమే. ఎక్సో ఆసుపత్రిలో వ్యాయామానికి ఉంటే మంచిదే.

నేర్పే యంత్రం

స్ట్రోక్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ కాళ్లు, నరాలు, వెన్నుపాము బాగానే ఉంటాయి. మెదడులో కాళ్లను నడిపించే భాగం, రక్తం అందకో రక్తనాళం చిట్లో, కొంత మేర పోయింది. పోయిన కణాలు తిరిగిరావు. కానీ చుట్టుపక్కల మిగిలిన భాగాలు ఆ పనిని కొంత నేర్చుకోగలవు. అలా నేర్చుకోవడానికి రెండు కావాలి: అదే కదలికను లెక్కలేనన్నిసార్లు చేయడం, చేసిన ప్రతిసారీ మెదడు సొంతంగా ప్రయత్నించడం.

లెక్కలేనన్నిసార్లు అన్న దగ్గరే మనిషి చేసే ఫిజియోథెరపీ వెనకబడుతుంది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో పరిశోధకులు థెరపీ గదుల్లో కూర్చుని లెక్కపెట్టారు. ఒక సెషన్‌లో పడిపోయిన చేతితో పనికొచ్చే కదలికలు సగటున 32 చేయించారు, నడకలో అడుగులు 357 వేయించారు. జంతువుల మీద ప్రయోగాల్లో మెదడు మారాలంటే చేతి కదలికలే వందల్లో కావలసివచ్చాయి. ఇది థెరపిస్టుల లోపం కాదు. డెబ్బై కిలోల మనిషిని నిలబెట్టి, ఒకరు నడుము పట్టుకుని, ఇంకొకరు వంగి కూర్చుని పడిపోయిన కాలిని ఎత్తి ఎత్తి పెడుతుంటే ఇరవై నిమిషాలకే వాళ్ల నడుములు పడిపోతాయి. స్విట్జర్లాండ్ కంపెనీ హోకోమా 'లోకోమాట్' తెచ్చింది ఈ సమస్యకే. ట్రెడ్‌మిల్, పైనుంచి ఒంటి బరువును కొంత మోసే పట్టీల జీను, కాళ్లకు మోటార్ల చట్రం. అరగంటలో వెయ్యి అడుగులు దాటించడం దానికి కష్టం కాదు.

వెయ్యి అడుగులు పడ్డాయి సరే, అవి వేసింది ఎవరు?

ఒక సెషన్ ఎలా జరుగుతుందో చూద్దాం. గూడూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఎడమ పక్క పడిపోయింది. చీర మీద పట్టీలు కుదరవు కాబట్టి కూతురు ట్రాక్ ప్యాంట్ తొడిగి తీసుకొచ్చింది, ఆవిడకు అదో ఇబ్బంది. థెరపిస్టు టేపుతో తుంటి నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకు కొలత తీసుకుంది. చట్రం పొడవు సరిచేసి, మోకాలి పక్కన వేలుతో తడిమి కీలు మడుచుకునే చోటు వెతికింది. యంత్రం కీలు సరిగ్గా అక్కడికే రావాలి. మన మోకాలు తలుపు బందులా ఒక్కచోట తిరిగేది కాదు, మడుస్తున్నకొద్దీ కాస్త దొర్లుతుంది, కాస్త జారుతుంది. యంత్రం కీలు ఒక్కచోటే తిరుగుతుంది. కొలత తప్పితే అడుగడుగునా చట్రం పిక్కను కిందికి లాగుతూ చర్మాన్ని రాస్తుంది. పట్టీల కింద రెండు వేళ్లు దూర్చి చూసి "అమ్మా, బిగుతుగా ఉందా?" అని వచ్చిన తెలుగులో అడిగింది. "లేదు పాపా, బానే ఉంది."

జీను బిగించి పైకి లాగారు, ట్రెడ్‌మిల్ కదిలింది. కాళ్లు చక్కగా, లయగా నడుస్తున్నాయి. కూతురు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టింది. ఆవిడ గోడ మీద టీవీ చూస్తూ "అదే ఎత్తుతోంది కదే" అంది. నిజం. మోటార్ల సాయం నూటికి నూరు దగ్గర ఉంది. ఆవిడ కండరాలు ఊరికే ఉన్నా అడుగు పడుతుంది. కాసేపటికి థెరపిస్టు స్క్రీన్ మీద ఎడమ కాలి సాయాన్ని తగ్గించింది. అడుగు వెంటనే కురచైంది, పాదం ట్రెడ్‌మిల్‌ను రాసుకుంది. "ఎడమ కాలు మీరే ఎత్తాలమ్మా, మిషన్ ఎత్తేదాకా ఆగొద్దు." "అబ్బా, ఇప్పుడు బరువుగా ఉందే!" టీవీ మీద నుంచి చూపు కాళ్ల మీదికి వచ్చింది, నుదుటి మీద చెమట పట్టింది. వీడియోకు బాగుండేది మొదటి ఐదు నిమిషాలు. మెదడుకు పనికొచ్చింది ఆ తర్వాతవి.

పలక మీద పిల్లవాడి చేత అ ఆలు దిద్దించే పంతులుగారిని తలచుకోండి. మొదట చెయ్యి పట్టి దిద్దిస్తారు. పిల్లవాడి వేళ్లలో బలం తెలిసేకొద్దీ పట్టు వదులు చేస్తారు, చివరికి వేలు తాకీ తాకనట్టు ఉంచుతారు. ఏడాది పొడుగునా గట్టిగా పట్టుకునే దిద్దిస్తే పలక నిండా చక్కటి అక్షరాలే ఉంటాయి, పిల్లవాడికి ఒక్కటీ రాదు.

మన శరీరానికి ఒక స్వభావం ఉంది. ఎవరైనా సాయం చేస్తున్నారని తెలిస్తే తన వంతు తగ్గించుకుంటుంది. బద్ధకం కాదిది, శక్తిని ఆదా చేసుకోవడం నాడీవ్యవస్థ తత్వం. మొదటి తరం నడక రోబోలు ముందే రాసిపెట్టిన దారిలో కాళ్లను తిప్పేవి. ఫలితం 2008లో హార్న్‌బీ బృందం ప్రచురించిన పరీక్షలో కనిపించింది. స్ట్రోక్ వచ్చి చాన్నాళ్లై, కొంత నడవగలిగే స్థితిలో ఉన్నవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోబోతో, ఇంకో జట్టుకు థెరపిస్టు చేతులతో ట్రెడ్‌మిల్ మీద నడక నేర్పారు. వేగం ఎక్కువ పెరిగింది థెరపిస్టు నేర్పినవాళ్లకే. మనిషి చెయ్యి అవసరమైనప్పుడే పట్టుకుంది, లేనప్పుడు వదిలేసింది.

ఇక్కడి నుంచి ఇంజనీర్ల దృష్టి మారింది. ఎంత బలంగా లాగాలన్న లెక్క కన్నా, ఎప్పుడు తప్పుకోవాలన్న లెక్క ముఖ్యమైంది. ఇది చెప్పినంత తేలిక కాదు. చిన్న మోటారు వేగంగా తిరుగుతుంది గానీ బలం తక్కువ. బలం కోసం గేర్లు పెడితే, బయటి నుంచి ఆ కీలును తిప్పడం కష్టమవుతుంది. రోగి తన కాలిని తనే ఎత్తబోతే బిగుసుకున్న గేరు అడ్డుపడుతుంది. మోటారుకూ కీలుకూ మధ్య ఒక స్ప్రింగ్ పెట్టే పద్ధతిని 1995లో ఎంఐటీలో గిల్ ప్రాట్, మాథ్యూ విలియమ్సన్ ప్రతిపాదించారు. స్ప్రింగ్ ఎంత నొక్కుకుందో కొలిస్తే మనిషి ఎంత తోస్తున్నాడో తెలుస్తుంది, అంత మేర మోటారు వెనక్కి తగ్గొచ్చు. జపాన్‌లో సుకుబా విశ్వవిద్యాలయానికి చెందిన యోషియుకి సంకాయ్ చేసిన 'హాల్' ఇంకో దారి పట్టింది. కాలు కదపాలని మెదడు ఆజ్ఞ ఇచ్చినప్పుడు చర్మం మీద అతి సన్నని విద్యుత్ సంకేతం కనిపిస్తుంది. తొడ మీద అంటించిన సెన్సర్లు దాన్ని అందుకుంటాయి. కాలు కదలకపోయినా ప్రయత్నం జరిగిందని యంత్రానికి తెలుస్తుంది, అప్పుడే సాయం చేస్తుంది. ప్రయత్నం లేకపోతే అడుగు లేదు.

మరి రోబో థెరపీ పనిచేస్తుందా? అనేక పరీక్షలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షల ప్రకారం, మామూలు ఫిజియోథెరపీకి నడక యంత్రం తోడైతే ఎవరి సాయం లేకుండా నడవగలిగే అవకాశం పెరుగుతుంది. ఎక్కువ లాభం స్ట్రోక్ వచ్చిన మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లకు, అసలు నడవలేని స్థితిలో ఉన్నవాళ్లకు. ఇప్పటికే తడబడుతూనైనా నడుస్తున్నవాళ్లకు అంత లాభం కనిపించలేదు. ఆ సమీక్షలన్నీ మాట్లాడేది ఫిజియోథెరపీతో పాటు యంత్రం వాడటం గురించి, దాని బదులు వాడటం గురించి కాదు. చేతి విషయంలో ఫలితం ఇంకా నిక్కచ్చిగా వచ్చింది. బ్రిటన్‌లో 770 మందితో చేసి 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన రాటుల్స్ పరీక్షలో, రోబోతో చేతి శిక్షణ పొందినవాళ్లకు మామూలు చికిత్స పొందినవాళ్ల కన్నా చేతి పనితనం మెరుగుపడలేదు.

అంతమాత్రాన చేతి రోబోలు వద్దనడం తొందరపాటు. ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ కలిసి 'ప్లూటో' అనే చిన్న యంత్రాన్ని రూపొందించాయి. ఒకే ఒక్క మోటారు, దానికి మార్చి మార్చి తగిలించే పిడులు. ఒకదాంతో మణికట్టు, ఇంకోదాంతో పిడికిలి. బల్ల మీద పెట్టుకుని స్క్రీన్ మీద ఆట ఆడుతున్నట్టే సాధన చేయొచ్చు. చిత్తూరు జిల్లా నుంచి వెల్లూరు వెళ్లేవాళ్లందరికీ ఉన్న కష్టం ఒకటే, అక్కడ ఎన్నాళ్లుంటాం? లాడ్జి అద్దె, తోడుగా వచ్చినవాళ్ల కూలి, ఇంటి దగ్గర పొలం. నెలల తరబడి చేయాల్సిన సాధనకు ఆసుపత్రిలో ఉన్న కోటి రూపాయల యంత్రం కన్నా, ఊళ్లో బల్ల మీద పట్టే యంత్రమే దిక్కు. నా ఆశంతా ఈ దారి మీదే. నడక యంత్రాల్లోనూ మన దగ్గర పని మొదలైంది, మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబోతో పేరు తెచ్చుకున్న కేరళ సంస్థ జెన్‌రోబోటిక్స్ 'జీ గైటర్' అనే నడక శిక్షణ యంత్రం చేసింది.

మూడో పని, అంటే ఆరోగ్యవంతుల శ్రమ తగ్గించడం గురించి ఒక్క మాట. తల పైకి చేతులెత్తి రోజంతా బోల్టులు బిగించే కార్మికుల కోసం కార్ల కంపెనీలు భుజాలకు స్ప్రింగుల చట్రాలు వాడుతున్నాయి, హ్యుందాయ్ సొంతంగా ఒకటి తయారుచేసింది. సైనికుల బరువు మోతకు బెంగళూరులోని డీఆర్‌డీఓ ల్యాబ్ డెబెల్ పనిచేస్తోంది. వీటన్నిటిలో నాకు గొప్పగా తోచింది 2015లో నేచర్ పత్రికలో వచ్చిన చీలమండ చట్రం. మోటారు లేదు, బ్యాటరీ లేదు. ఒక స్ప్రింగ్, దాన్ని సరైన క్షణంలో పట్టి వదిలే క్లచ్, అంతే. నడకకు అయ్యే శక్తి ఏడు శాతం తగ్గింది. బలం కలపకుండానే, సమయం కుదిర్చినందుకే.

డబ్బు కట్టేముందు

మా దగ్గరి బంధువు ఒకాయనకు ఒక పెద్ద ఆసుపత్రిలో రోబో సెషన్లు ప్యాకేజీగా అమ్మారు. మొదటి రోజు ఎంత సాయం పెట్టారో చివరి రోజూ అంతే. డిశ్చార్జి కాగితాల్లో ఎన్ని సెషన్లు, ఎంత బిల్లు అన్నవి ఉన్నాయి. యంత్రం దిగాక ఆయన ఎంత నడిచాడన్నది ఒక్క అంకె కూడా లేదు. అందుకే మనవాళ్లకు చెబుతున్నాను. యంత్రం ఏ కంపెనీదో, ఏ దేశందో అడగడం తర్వాత. "సాయం ఈ వారం ఎంత పెట్టారు, పోయిన వారం ఎంత?" అని అడగండి. అది తగ్గుతూ రాకపోతే ఎందుకు తగ్గడం లేదో చెప్పమనండి, చెప్పడానికి న్యాయమైన కారణమే ఉండొచ్చు. యంత్రం దిగిన వెంటనే నేలమీద, వాకర్‌తోనో కర్రతోనో నడిపిస్తున్నారా అని చూడండి. ట్రెడ్‌మిల్ మీద వచ్చిన నడక ఇంటి గచ్చు మీదికి దానంతటదే రాదు. స్ట్రోక్‌తో మాట కూడా దెబ్బతిన్న పెద్దవాళ్లకు తమిళం, ఇంగ్లిష్ అస్సలు అందవు. చెన్నై థెరపిస్టుల్లో కొంతమందికి తెలుగు వస్తుంది, యంత్రం స్క్రీన్ నుంచి సూచనలు చెప్పే గొంతుకు మాత్రం రాదు. పక్కన నిలబడేవాళ్లు "ఎత్తు", "మడువు", "బరువు దీని మీద వెయ్యి" అని ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెబుతుండాలి.

ఇంటి దగ్గర మీరే కొలుచుకోదగ్గది ఒకటుంది. వసారాలోనో వరండాలోనో పది మీటర్లు టేపుతో కొలిచి రెండు చివర్లా గీత గీయండి. గీతకు కాస్త వెనక నుంచి నడక మొదలుపెట్టించి, రెండో గీత దాటాక ఆపించండి, ఒకరు పక్కనే ఉండాలి. మధ్యలో పది మీటర్లకు పట్టిన సమయం ఫోన్‌లో చూడండి. 25 సెకన్లకు మించితే, అంటే సెకనుకు 0.4 మీటర్ల కన్నా తక్కువైతే, ఆ నడక ఇంటివరకే అని థెరపిస్టులు లెక్కేస్తారు. 12 సెకన్ల చుట్టుపక్కలకు వస్తే, అంటే 0.8 మీటర్లు దాటితే, వీధిలోకి, బజారుకు సొంతంగా వెళ్లగలిగే స్థాయి. రోబో సెషన్లకు ముందు ఒకసారి, తర్వాత వారానికోసారి తేదీ వేసి రాసుకుని, ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి.